కాళ్ళు చూసి గుండె చెప్పినవాళ్ళు

మళ్ళీ అదే మాట. పొద్దున్నించీ మైకులో అదే మాట. "పుట్టుకతోనే గుండె బలహీనమైనా, కాళ్ళు సహకరించకపోయినా, ఉక్కు సంకల్పంతో బరువులెత్తిన మన కోనసీమ ముద్దుబిడ్డ, కీర్తిశేషులు గోపీకృష్ణ గారి స్మారక షీల్డు" అంటూ ఆ ఖద్దరు చొక్కా ఆయన గొంతు సాగదీస్తాడు, హాలంతా అయ్యో పాపం అన్నట్టు ఒక్కసారి చప్పబడిపోతుంది, ఆ తర్వాత చప్పట్లు. ఎవరు చెప్పారయ్యా నీకు పుట్టుకతోనే అని? నువ్వు చెవి పెట్టి విన్నావా అతని గుండె? అతన్ని నువ్వు చూసిందే ఆ షీల్డు మీద ఫోటోలో కదా! మైకు దొరికితే చాలు, చచ్చిపోయినవాడి గుండెకి కూడా జాతకం చెప్పేస్తారు. ఈ క్లాసురూములో బల్లలన్నీ ఓ పక్కకి నెట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు. కిటికీకి ఊచలు, ఊచల అవతల హాలు, హాల్లో మొదటి వరసలో నెరిసిన జుట్టు ముడి ఒకటి. కనకమహాలక్ష్మి గారు. గోపీ వాళ్ళమ్మ. కొత్తపేట నుంచి ఆ షీల్డు ఒళ్ళో పెట్టుకుని కారులో వచ్చారట. ఆ మైకాయన పుట్టుకతోనే అన్నప్పుడల్లా ఆ ముడి కాస్త కిందికి దిగుతోంది. కొడుకుని పోగొట్టుకున్నది చాలక, నేరం చేసినదానిలా ఆవిడ తల వంచుకుంటోంది. ఇక్కడ కూర్చుని చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఇంకో గంటట. మగవాళ్ళవి అయ్యాక మా ఆడవాళ్ళవి. పొద్దున్నే తూకం వేశారు, నన్ను ఇద్దరు పట్టుకుని బియ్యం బస్తాని దించినట్టు కాటా మీద కూర్చోబెట్టారు, నలభై నాలుగు కిలోలు అని ఒకాయన అరిచాడు, అయిపోయింది. ఇవాళ ఎత్తితే రాష్ట్రం జట్టులో పేరుంటుంది, ఎత్తకపోతే మళ్ళీ అల్లవరంలో నా ఎస్టీడీ బూత్‌లో కూర్చుని దుబాయ్‌కి ఫోన్లు కలుపుకోవడమే. రెండేళ్ళ కష్టం. ఆ సంగతి ఆలోచించాలి నేను, రాడ్డు సంగతి, ఊపిరి సంగతి, భుజాల సంగతి. ఎక్కడ! నాలుక అంగిట్లో అంటుకుపోయింది. మే నెల, ఉక్క, పైన ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి మా నెత్తిన పోస్తోంది. పక్కనే బిందె నిండా నీళ్ళున్నాయి, మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఎలా ముట్టుకుంటాం? బాత్రూము వరండా చివర ఉంది, మెట్లు ఎక్కాలి, ఎక్కితే లోపల గొంతుక్కూర్చునే దొడ్డి. గొంతుక్కూర్చోడానికి మాకు కాళ్ళేవి? వికలాంగుల పోటీలు అని గేటు మీద అంత పెద్ద బ్యానరు కట్టారు, అరటి బోదెలు కట్టారు, వచ్చినవాళ్ళకి శాలువాలు తెచ్చారు, వికలాంగులు ఒంటికి వెళ్తారని మాత్రం ఒక్కడికీ తట్టలేదు. అందుకని మేం నీళ్ళు తాగం. ముందు రోజు రాత్రి నించే మానేస్తాం. ఇది మాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ వచ్చు. నా పక్కన బల్లకి చేరబడి కూర్చున్న భూలక్ష్మి కాట్రేనికోన పిల్ల, ఇదే మొదటి పోటీ, దానికీ వచ్చు. ఇందాక బిందె వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ తల తిప్పేసుకుంది.

దడ. వచ్చిందా? లేదు, ఇది మామూలు కొట్టుకోవడమే. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసుకోవడం అలవాటైపోయింది ఈ మూడు వారాల్లో. ఆ రోజు మాత్రం మామూలుది కాదు. ప్రాక్టీసు అయ్యి ఇంటికెళ్ళి మంచం మీద వాలాక మొదలైంది, ఒకటి కొట్టి, ఒకటి మానేసి, మళ్ళీ రెండు ఒకేసారి కొట్టి, గొంతులోకి వచ్చేసినట్టు. మా అన్నయ్య ఎబినేజర్ బడినించి వచ్చి చూసి, తెల్లబోయి, ఆటో మాట్లాడి అమలాపురం గుండె డాక్టరు దగ్గరికి పట్టుకొచ్చాడు. ఆ డాక్టరు! నన్ను బల్ల మీద పడుకోబెట్టి వైర్లు తగిలించి అన్నయ్యని అడుగుతాడు, "ఈ అమ్మాయికి ఎప్పట్నించండీ దడ? ఈ అమ్మాయి కాఫీ తాగుతుందా?" అని. కాళ్ళు లేకపోతే నోరు కూడా లేదనుకుంటారు కాబోలు. "నన్నే అడగండి డాక్టరు గారూ, నోరుంది నాకు" అన్నాను. అప్పుడు చూశాడు మొట్టమొదటిసారి నా మొహం. ఎంత తాగుతారమ్మా అన్నాడు. పాలు లేని చిక్కటి డికాషను, నిండా గ్లాసుడు తాగేదాన్నండీ, ఏడాది నించీ సగమే ఇస్తన్నారు, అందులో కెఫీన్ మాత్ర నూరి కలుపుతారు అన్నాను. పెన్ను ఆగిపోయింది. ఎవరి కొలతమ్మా అది అన్నాడు. మా మాస్టారిదండీ అన్నాను. ఆయన బరువెంత అన్నాడు. తొంభై దాకా ఉంటారండీ అన్నాను. నీళ్ళు ఎన్ని తాగుతారు అన్నాడు, అప్పుడు నాకు నవ్వొచ్చింది, నవ్వు కాదులెండి, ఏడుపే, బాత్రూము సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీలాంటివాళ్ళు ఎంత వరకు తాగితే ఫర్వాలేదో నేను చెప్పలేనమ్మా. పుస్తకాల్లో లేదు. పరీక్షలన్నీ కాళ్ళు బాగున్న మగవాళ్ళ మీదే చేసేరు. మీరు మాత్రం మానెయ్యండి" అన్నాడు.

పుస్తకాల్లో లేదట. ఎంత తేలిగ్గా అనేశాడో! అన్ని లావు లావు పుస్తకాలు, అద్దాల బీరువా నిండా, అందులో మేం లేం. గుర్రాలకి ఎంత మందు వెయ్యాలో ఉండే ఉంటుంది, కోళ్ళకి ఎంతో ఉంటుంది, మా అల్లవరంలో రొయ్యల చెరువులో ఏ మందు ఎన్ని గ్రాములు చల్లాలో కుర్రాళ్ళు కూడా చెప్తారు, నా గుండెకి ఎంతో మాత్రం ఎవడికీ తెలీదు. అయినా తెలీదని ఒప్పుకున్నాడు కదా, మంచివాడే అనుకుని దణ్ణం పెట్టాను. పెట్టి, అన్నయ్య నన్ను ఆటోలో కూర్చోబెట్టి మందుల చీటీకని మళ్ళీ లోపలికి వెళ్తే, ఆ పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి మెల్లిగా అంటున్నాడు, "ఇవన్నీ ఎందుకండీ ఆ పిల్లకి, కుట్టుమిషనో ఏదో నేర్పించండి" అని. గుండె కొట్టుకోవడం వినబడింది గానీ గుండెలో ఉన్నది వినబడలేదు ఆ మహానుభావుడికి. అన్నయ్య కూడా తల ఊపాడు. దారిపొడుగునా నేను అన్నయ్యతో మాట్లాడలేదు. ఆ మాట మీద కోపంతోనే కాదు. తొంభై కిలోల కొలత, నలభై నాలుగు కిలోల మనిషి, ఎండిపోయిన ఒళ్ళు, ఈ మూడూ కలిపి చూస్తే కళ్ళముందు నేను కాదు, గోపీ కనబడ్డాడు. అప్పటిదాకా నేను కూడా అందరిలాగే నమ్మాను, అతని గుండె బలహీనమని. ఆ ఆటోలో, ఈదరపల్లి వంతెన దాటుతుంటే, నాకు తెలిసిపోయింది.

గంగాధర్ మాస్టారు చెడ్డవాడు కాదు, అదే కదా నా బాధ. చెడ్డవాడైతే ఎంత సుఖంగా తిట్టుకునేదాన్ని! ఊళ్ళో ఏ జిమ్ములోనూ మమ్మల్ని గడప ఎక్కనివ్వలేదు, అద్దాలు పగులుతాయన్నారు, మిగతా కుర్రాళ్ళు ఇబ్బంది పడతారన్నారు. మాస్టారు తన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, సిమెంటు పోసి, ఇనప బల్లలు మా కోసం వెడల్పుగా చేయించి, రండమ్మా అన్నారు. నన్ను కుర్చీలోంచి బల్ల మీదికి ఎత్తి పడుకోబెట్టేది ఆయనే, కాళ్ళు జారకుండా బెల్టు కట్టేది ఆయనే, తల దగ్గర నిలబడి రాడ్డు అందించేది ఆయనే, నా చేతులు వణికితే నా గొంతు మీద పడకుండా పట్టుకునేది ఆ చేతులే. ఆడపిల్లని ముట్టుకున్నట్టు ఒక్కనాడు ముట్టుకోలేదు, బరువు ముట్టుకున్నట్టు కూడా ముట్టుకోలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆ డికాషను తాగే ఎత్తారట మెడల్సన్నీ. ఏమీ కాలేదట. కనక మాకూ ఏమీ కాదట. గ్లాసు పోస్తూ మా భుజాలు తట్టి చూసేవారు, "ఈ భుజాలకి ఈ మాత్రం పడాలి" అని. అదీ ఆయన కాటా. మా భుజాలు చూస్తే ఎవరైనా మోసపోతారు, పొద్దస్తమానం చేతుల మీదే కదా మా బతుకు, చక్రాలు తోసుకుని తోసుకుని పహిల్వాన్ల భుజాలు వచ్చేస్తాయి. కిందకి చూస్తే ఏముంది, పుల్లలు. పైన తొంభై కిలోల మనిషి, మొత్తం కలిపితే అందులో సగం. కాళ్ళున్నవాళ్ళ కళ్ళు మా కాళ్ళ మీదే ఉంటాయి, మాస్టారొక్కడే భుజాలు చూశాడు, అందుకే కదా మేం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది. ఆ చూపే కొంప ముంచింది.

గోపీ. "రాహేలు గారండీ" అని పిలిచేవాడు, రోజూ, గారూ అండీ రెండూ తగిలించి, అవుననడానికి బారుగా ఆయ్ అంటూ, ఎగతాళికో మర్యాదకో తెలిసేది కాదు. కొబ్బరితోటలున్న ఇంటి పిల్లాడు, రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి కాళ్ళు పోయాయి, మా ఇద్దరి కథా అక్కడిదాకా ఒకటే, ఆపైన వాళ్ళు కాకినాడ పెద్దాసుపత్రులు తిరిగారు, మా అమ్మ నన్ను చర్చిలో పడుకోబెట్టి ప్రార్థన చేయించింది. ఇప్పటికీ చేయిస్తుంది, నడిపించమని. నాకు నడక వద్దు దేవుడా, ఒక్క బాత్రూము చాలు. నేను డెబ్బై ఎత్తిన రోజు గోపీ మొహం మాడ్చుకుని "ఆడవాళ్ళు ఇలా రెచ్చిపోతే మాకు సంబంధాలు కుదరవండీ" అన్నాడు, నేను పకపకా నవ్వాను, రాడ్డు మీద ఉన్న చేతులు జారిపోయేంత. అతను పోవడానికి నెల ముందు మాస్టారు అతన్ని కాకినాడ తీసుకెళ్ళి గుండె పరీక్ష చేయించుకొచ్చారు, వేరే రాష్ట్రంలో పోటీలకి అది చేయించాలట. తిరిగొచ్చాక వారం రోజులు మమ్మల్ని కాల్చుకు తిన్నాడు. "నా గుండె విని డాక్టరు గారే మెచ్చుకున్నారండీ, బరువులెత్తేవాళ్ళలో ఇలాంటి గుండె చూళ్ళేదన్నారు, మాస్టారు సాక్షి. మీరు కూడా మెచ్చుకోవచ్చు, నేనేమీ అనుకోను" అని. నేను చాల్లే సంబడం అన్నాను. ఏదో అనాల్సింది ఇంకొకటి ఉంది, అనలేదు, అది నా సొంత సంగతి, మైకులో చెప్పేది కాదు.

ఆ రోజు వాన. షెడ్డు రేకుల మీద వాన పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడట్లేదు. గోపీ పొద్దున్నించీ నీళ్ళు ముట్టుకోలేదు, మాస్టారింటి బాత్రూముకి పోవాలంటే మురుక్కాలవ దాటాలి, వానలో ఎవరు మోస్తారు. నిండా గ్లాసుడు తాగాడు. మొదటిసారి రాడ్డు సగంలో ఆగిపోయింది. "బలం చాల్లేదు, ఇంకోటి కొట్టు" అన్నారు మాస్టారు, ఇంకో గ్లాసు పోశారు, ఎత్తాడు, ఎత్తేశాడు, కేకలు వేశాం అందరం. లేచి కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ, నా వైపు తిరిగి, "రాహేలు గారండీ, లోపల బుల్లెట్టు బండి స్టార్టయ్యిందండీ" అన్నాడు నవ్వుతూ. అదే ఆఖరి మాట. వెనక్కి వాలాడు. మాస్టారు భుజాన వేసుకుని వానలో పరిగెత్తారు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాయన దుప్పటి ఎత్తి, గుండె మీద చెయ్యి కూడా వెయ్యకుండా ముందు కాళ్ళు చూశాడట. "పోలియోనా? అయితే గుండె కూడా బలహీనంగానే ఉండుంటుంది లెండి" అన్నాడట. అంతే. కాళ్ళు చూసి గుండె సంగతి చెప్పేశాడు! ఏం తాగాడు, ఏం తిన్నాడు, ఎప్పుడు నీళ్ళు తాగాడు, ఒక్క ముక్క అడగలేదు. నడిచే మనిషి అలా పడిపోతే అడక్కుండా ఉంటారా? ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడుగుతారు. కాళ్ళు లేనివాడు చస్తే కారణం వెతకక్కర్లేదు, కాళ్ళే కారణం, కాటికి కాళ్ళే, దేనికైనా కాళ్ళే. ఉండుంటుంది అన్న మాట ఆసుపత్రి గేటు దాటేసరికి ఉంది అయ్యింది, కొత్తపేట చేరేసరికి పుట్టుకతోనే అయ్యింది, ఇవాళ షీల్డు మీద అక్షరాలయ్యింది.

పెద్దకర్మ రోజున కొత్తపేట వెళ్ళాం. వాళ్ళ వీధరుగు మీద నన్ను కూర్చోబెట్టారు, లోపలికి ఎలా తీసుకెళ్ళాలో, తీసుకెళ్ళచ్చో లేదో ఎవరికీ తోచలేదు. వచ్చినవాళ్ళందరూ అదే ముక్క. "అసలు అంతంత బరువులు ఎందుకండీ అలాంటి పిల్లాడికి?" "గుండె లోపం ఉన్నోణ్ణి ఇంటి పట్టున ఉంచుకోవాలి గానీ." కన్నతల్లి వింటోందని కూడా లేదు. ఆవిడే లోపల్నించి వచ్చి నా పక్కన అరుగు మీద చతికిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "నీకూ గుండె ఇలాగేనా అమ్మా?" అని అడిగారు. జవాబు కోసం ఆగకుండా ఆవిడే అందుకున్నారు. "కాళ్ళంటే జ్వరం వచ్చి పోయేయి, అది నా చేతిలో లేదు. గుండె నా కడుపులోనే తయారయ్యింది కదా. గ్రహణం నాడు కదలొద్దని మా అత్తగారు చెప్తానే ఉన్నారు, నేను వినకుండా కొబ్బరికాయ పీచు ఒలిచేను. అదే తగిలింది నా బిడ్డకి" అన్నారు ఆవిడ, ఏడుపు కూడా లేకుండా, కూర ఎందుకు మాడిందో చెప్తున్నట్టు. ఇరవై ఆరేళ్ళ కిందటి కొబ్బరికాయ! అక్కడ, ఆ అరుగు చివర, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు మాస్టారు. ఆవిడ మాట ఆయనకి వినబడింది. నేల చూస్తూ నిలబడ్డారు. పాపం, ఎంత బాధపడుతున్నారో అనుకున్నాను నేను అప్పట్లో, ఎంత వెర్రిదాన్ని.

చప్పట్లు. మగవాళ్ళవి అయిపోయినట్టున్నాయి. తలుపు తోసుకుని మాస్టారు వచ్చారు, చంకలో ఎర్ర ఫ్లాస్కు, చేతిలో రెండు గ్లాసులు. ఆ వాసన. గది నిండా ఒక్కసారి కమ్ముకుంది, నోరూరింది నాకు, అబద్ధం ఎందుకు, దాహంతో ఎండిపోయి ఉన్నానేమో విషమైనా తాగాలనిపిస్తుంది. "ఏమ్మా రాహేలూ, అలా డీలా పడిపోయేవేంటి? ఇదిగో డికాషను, ఇంట్లో మీ పిన్నిగారు పొద్దున్నే తీసింది. ఇంక భయం లేదు, ఈ జనవరి నించీ కాఫీని ఆటలవాళ్ళ నిషేధంలోంచి తీసేసేరంట, పేపర్లో వచ్చింది. ఎంతైనా తాగొచ్చు" అన్నారు. నిషేధంలోంచి తీసేశారట, గుండెలోంచి కూడా తీసేశారా మాస్టారూ? అనలేదు, నాలుక మీదే ఉంది. "నేను మానేసేనండీ, డాక్టరు వద్దన్నారు" అన్నాను. "డాక్టర్లు అలాగే అంటారమ్మా, వాళ్ళెప్పుడైనా రాడ్డు ముట్టుకున్నారా? సరే, నీ ఇష్టం" అని గ్లాసు భూలక్ష్మి చేతిలో పెట్టారు. కాగితం పొట్లం విప్పి నూరిన మాత్ర అందులో వేశారు, చిటికెన వేలితో కలిపారు. అది రెండు చేతులతో పట్టుకుంది గ్లాసుని, ప్రసాదం పట్టుకున్నట్టు. "తాగితే బలం వస్తదా అక్కా? పొద్దున్నించీ ఏం తాగలేదు, కళ్ళు తిరుగుతన్నాయి" అంది. ముప్ఫై తొమ్మిది కిలోలు అది. పొద్దున్న కాటా మీద నా వెనకే కూర్చోబెట్టారు. నేను చెయ్యి చాచి దాని చేతుల్లోంచి గ్లాసు లాక్కున్నాను, ఊచల్లోంచి బయటికి విసిరికొట్టాను, అటు ఎవరున్నారో కూడా చూళ్ళేదు. గ్లాసు సిమెంటు మీద దొర్లిన చప్పుడు. "నీళ్ళు తాగు. కడుపు నిండా తాగు. బాత్రూముకి ఈ శాలువాల వాళ్ళే మోసుకెళ్తారు, నేను మోయిస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మాస్టారు ఏదో అనబోయారు. అప్పుడే మైకులో నా పేరు. అల్లవరం నుంచి కుమారి రాహేలు, నిమిషంలోగా వేదిక మీదికి రావాలి. ఆయన ఫ్లాస్కు కింద పెట్టి, వంగి, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేసి నన్ను ఎత్తుకున్నారు, ఎప్పటిలాగే, ఎక్కడా నొప్పి తగలకుండా. హాల్లోకి అడుగు పెట్టగానే చప్పట్లు, పాపం అమ్మాయి, పాపం అమ్మాయి అని వరసల్లోంచి వినబడుతోంది. ఆయన చొక్కాకి నా చెవి ఆనుకుని ఉంది. ఇప్పుడు అనకపోతే ఇంక ఎప్పుడూ అనలేను. "గోపీ గుండె మంచిది మాస్టారూ" అన్నాను. ఆయన నడుస్తూనే ఉన్నారు. "కాకినాడలో డాక్టరు చెప్పినప్పుడు పక్కన మీరే ఉన్నారు." "ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు, బరువు మీద దృష్టి పెట్టు." "ఆ రోజు రెండు గ్లాసులు పోసింది మీరే కదండీ?" నడక మందగించింది. తర్వాత నాకు తప్ప ఎవరికీ వినబడకుండా అన్నారు, "తెలుసమ్మా. ఆ రాత్రే తెలిసింది. అందుకే కదా అప్పట్నించీ సగమే పోస్తన్నాను."

సగమే! తెలుసట! తెలిసి సగం తగ్గించాడట! మనిషి పోతే కొలత తగ్గించి, చేతులు కడుక్కుని, అరుగు చివర నిలబడి కొబ్బరికాయ మాట విని, నేల చూసి, ఏడాది పొడుగునా మైకులో పుట్టుకతోనే పుట్టుకతోనే అంటుంటే పక్కనే కుర్చీలో కూర్చుని విన్నాడా ఈయన? ఆ మిగిలిన సగం ఇంకా మా గొంతుల్లో పోస్తూనే ఉన్నాడా? ఈ చేతుల్లోనా నేను రోజూ నా గొంతు పెట్టింది? దిగిపోవాలనిపించింది, దిగి ఎక్కడికి పోతాను, దిగితే నేల మీద పడతాను. కోపం వచ్చినా ఆయన చేతుల్లోనే ఉండి కోపం తెచ్చుకోవాలి, అదీ మా బతుకు. వేదిక పది అడుగుల్లో ఉంది. బల్ల కనబడుతోంది, రాడ్డు కనబడుతోంది, ప్లేట్లు సర్దేస్తున్నారు నా కోసం. మొదటి వరస పక్కనించే దారి. "ఆపండి" అన్నాను. "నిమిషమేనమ్మా, దాటితే ఈ అవకాశం పోద్ది." "పోనివ్వండి. ఆవిడ ముందు ఆపండి. ఆపకపోతే ఆ బల్ల మీద పడుకోబెట్టినా రాడ్డు ముట్టుకోను." ఆయన ఆగారు.

కనకమహాలక్ష్మి గారు తలెత్తి చూశారు. ఒళ్ళో షీల్డు, దాని మీద నవ్వుతున్న గోపీ. "ఏంటమ్మా రాహేలూ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు కంగారుగా, లేవబోతూ. ఇది నేను చెప్పే మాట కాదు. మాస్టారి గుండె నా చెవి కింద దబదబా కొట్టుకుంటోంది, చెమటకి చొక్కా తడిసిపోయింది. "అమ్మగారూ" అన్నారు. మైకులో ఖద్దరు చొక్కా ఆయన ఆఖరి పిలుపు అంటున్నాడు. "అమ్మగారూ, మీ అబ్బాయి గుండెలో ఏ లోపమూ లేదండీ. నెల ముందు నేనే పరీక్ష చేయించేను, బంగారంలా ఉందన్నారు. నేనే... ఆ కాఫీ, ఆ మాత్రలు, నేనే పోసేనండీ. రెండోసారి కూడా నేనే." ఆవిడ అరుస్తారనుకున్నాను. కొడతారనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. ఆవిడ అలా చూస్తూ కూర్చున్నారు, ఆయన్ని కాదు, ఎక్కడో చాలా వెనక్కి. పక్కన ఎవరో టైం అయిపోయిందండీ అన్నారు. ప్లేట్లు తీసేస్తున్న చప్పుడు. అప్పుడు అడిగారు ఆవిడ, చాలా మెల్లిగా, జవాబుకి భయపడుతున్నట్టు.

"అయితే బాబూ, నేను కన్నప్పుడు వాడు బాగానే ఉన్నాడా?"

"ఆయ్" అన్నారు మాస్టారు.